కనబడలేదు

ధామన్‌కర్ నాకా దగ్గర రిక్షా దిగి పద్మనగర్ లోపలికి నాలుగడుగులు వేస్తే మా ఇల్లు వస్తుంది. ఒకప్పుడు ఆదివారం పొద్దున తొమ్మిది దాటిందంటే మా గుమ్మం ముందు రెండు మూడు జతల చెప్పులు తప్పకుండా వుండేవి. చుట్టాలవి కావు. ఇంగ్లీషు కాగితాలు చదివించుకోవడానికి వచ్చినవాళ్లవి. బ్యాంకులో ఆఫీసరు కనుక ఏ కాగితమైనా చదివి చెప్పగలడని మావాళ్ల నమ్మకం. ఎల్.ఐ.సి. నోటీసు, కోర్టు సమను, ప్రావిడెంటు ఫండు ఉత్తరం, కార్పొరేషను వాళ్ల పన్ను కాగితం, ఆస్పత్రి రిపోర్టు, అన్నిటినీ ఒకే కళ్లద్దాలతో చదివి చెప్పేసేవాణ్ణి. నేను చదివింది బీ.కాం. నాకు తెలిసిన శాస్త్రమంతా డెబిట్టూ క్రెడిట్టూ. ఆ సంగతి వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. నలుగురూ వచ్చి అడుగుతుంటే పెద్దమనిషినన్న భావం ఎవరికి చేదు?

అలా చదివిన కాగితాల్లో ఒకదాని గురించి ఇప్పుడు రాస్తున్నాను. విషయం ఆడవాళ్ల రహస్యవ్యాధికి సంబంధించింది. మన పత్రికలో కవితలూ కథలూ, ఊళ్లో విడిచి వచ్చిన చెరువూ చింతచెట్టూ వస్తాయి గాని ఇలాంటివి రావు. రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. చివరికి ఎవరి గురించి రాస్తున్నానో ఆ చెల్లెలే, మా శ్రీమతితో, "రాయమను వదినా, నా పేరొక్కటి పెట్టొద్దను" అని కబురు చేసింది. అందుకని పేరు రాయను. ఏ ఊరో, ఏ సందో కూడా రాయను. వరుస మాత్రం చెబుతాను. మా అమ్మ పుట్టిన ఊరి పిల్ల, నన్ను అన్నా అంటుంది. ఆమె భర్త నన్ను బావా అంటాడు. ఆయన సాంచెల మీద పనిచేసేవాడు. ఆమె ఇంట్లో బీడీలు చుట్టేది. భివండీ తెలుగువాళ్లకు ఇంతకన్నా పరిచయం అక్కర్లేదు.

2011 వానాకాలం. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె గడప అవతల గోడకు ఆనుకుని నిలబడింది. "బావా, గిది జర సదువు. నాకాల ఇచ్చి వచ్చినం, ఇయ్యాల ఇచ్చిన్రు" అని మడత విప్పాడు. స్త్రీల పరీక్ష అని పైనే తెలుస్తోంది. కొంచెం ఇబ్బందిగానే చదివాను. చీము కణాలు ఇరవై, ఇరవై అయిదు. ట్రైకోమొనాస్ వజైనాలిస్, నాట్ సీన్. ఫంగస్, నాట్ సీన్. అడుగున చిన్న అక్షరాల్లో, దీన్ని రోగి లక్షణాలతో పోల్చి చూసుకోవాలని ఒక వాక్యం. మా బ్యాంకు ఫారాల కింద కూడా అలాంటి చిన్న అక్షరాలుంటాయి. వాటిని మేమే చదవం, ఖాతాదారు ఏం చదువుతాడు?

"ఏమున్నది బావా?"

"ఏం లేదు. అన్నీ నిల్" అన్నాను.

"గట్ల చెప్పు" అని ఆయన ఆమె వంక తిరిగాడు. ఆ తిరగడంలో వున్న అర్థం అప్పుడు నాకు తట్టలేదు. ఆమె "మరి నాకేందన్నా..." అని ఏదో అనబోయి ఆగిపోయింది. నేను అప్పటికే తరువాతి కాగితం అందుకున్నాను. అది ఎవరిదో ఎల్.ఐ.సి. పాలసీ.

ఆ తరువాత రెండేళ్లు ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియలేదు. తెలిసింది 2013లో, మా శ్రీమతి ద్వారా. తెల్లబట్ట, వాసన, దురద, ఒంటేలుకు పోతే మంట. ముందు వేడి చేసిందనుకున్నారు. సబ్జా గింజలు, మజ్జిగ, వంకాయ మానడం, పులుపు మానడం. తరువాత తంబాకు ఘాటు అన్నారు. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంటే రాదా మరి, అన్నారు. అలా కూర్చోవడమే ఆమెకు నరకమైంది. వెయ్యి బీడీలు చుట్టే చోట ఆరువందలకు దిగింది. అత్తగారు పనిదొంగ అన్నది. రాత్రిళ్లు వేరే పడుకుంటే భర్త మరో మాట అన్నాడు. ఆమె ఏ నొప్పి చెప్పినా ఇంట్లో అందరిదీ ఒకటే జవాబు. "రిపోర్టుల ఏం లేదన్నడు గద మీ అన్న."

అంటే రెండేళ్లపాటు ఆ ఇంట్లో ఆమెకు వ్యతిరేకంగా సాక్షి నేను. ఒక్కసారి కూడా కోర్టుకు పిలవకుండానే.

ఆ రోజుల్లో మా ఊరి గోడల మీద, మూత్రశాలల్లో, రైల్వే కట్టల వెంబడి గుప్తరోగాలకు ఖాయమైన ఇలాజు అని ప్రకటనలుండేవి. ఇప్పటికీ అక్కడక్కడా వున్నాయి. అన్నీ మగవాళ్లకే. ఆడదానికి గుప్తరోగం వస్తే దాన్ని గుప్తంగా వుంచడమే వైద్యం. మన తెలుగులో ఈ రోగాలకు సుఖవ్యాధులని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయన ఏ ఆడమనిషినీ అడిగి పెట్టివుండడు.

మా శ్రీమతికి ఆమె ఎలా చెప్పిందో, ఎక్కడ చెప్పిందో నాకు తెలియదు. నల్లా దగ్గరో, వరాలదేవి గుడి మెట్ల మీదో అయివుంటుంది. మొత్తానికి ఒకరోజు ఇద్దరూ కలిసి ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లారు. చిన్న క్లినిక్కు, పెద్ద బోర్డు కూడా లేదు. ఆ డాక్టరమ్మ దగ్గర ఒక్క విశేషం వుంది. పరీక్ష చేసే బల్లకు పక్కనే, కర్టెను అవతల, పాతకాలపు మైక్రోస్కోపు. దూది పుల్లతో స్రావం తీసి, గాజు పలక మీద ఉప్పునీటి చుక్కలో కలిపి, పైన పల్చటి గాజుబిళ్ల పెట్టి, తనే వంగి చూసిందట. రెండు నిమిషాలు కూడా కాలేదు. తలెత్తి మరాఠీలో "ఇలా రా, నువ్వే చూడు" అని రోగినే పిలిచిందట.

మా చెల్లెలు చీర సర్దుకుని వచ్చి ఒక కన్ను మూసి చూసింది. కొంచెంసేపు ఏమీ అర్థం కాలేదట. తరువాత, "వదినా, నాడె కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నయి" అన్నదట. మగ్గం ఇంట పుట్టిన పిల్ల కాబట్టి నాడె అనగలిగింది. తరువాత నేను పుస్తకాల్లో చదివితే, ఈ జీవి సాఫీగా ఈదదు, కుదుపులతో, విదిలింపులతో కదులుతుందని రాశారు. నాడె అన్నమాట అంతకన్నా బాగుంది.

"ఏడ్చిందా?" అని అడిగాను మా శ్రీమతిని.

"ఏడువలే. నవ్వింది. సూసినవా వదినా, నేను అబద్ధమాడలే అన్నది."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. రెండేళ్ల కింద నేను చదివిన కాగితంలో ఈ జీవి పేరు వుంది. పక్కన నాట్ సీన్ అని వుంది. నేను దాన్ని లేదు అని తెనిగించాను. కనబడలేదు అని కదా తెనిగించాలి! తెలుగు నాకు మాతృభాష అని, ఇంగ్లీషు నాకు అన్నం పెట్టే భాష అని గర్వపడేవాణ్ణి. రెండింటి మధ్య రెండు మాటలు సరిగ్గా మోయలేకపోయాను.

మా సందులోనే పెరిగిన కుర్రవాడొకడు లాబు టెక్నీషియన్ కోర్సు చదివి ముంబయిలో ఉద్యోగం చేస్తున్నాడు. నన్ను మామా అంటాడు. వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. వాడు చెప్పింది, తరువాత నేను ఓపికగా చదివి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను.

ట్రైకోమొనాస్ బాక్టీరియా కాదు. ఒకే కణం వున్న పరాన్నజీవి, అమీబాలాగా. ముందు నాలుగు కొరడాల్లాంటి తోకలు, ఒక పక్క అలలాడే పల్చటి పొర. పరిమాణం దాదాపు మన తెల్లరక్తకణమంత. చిక్కంతా అక్కడే. బతికి కదులుతుంటే ఎవరైనా గుర్తుపడతారు. కదలిక ఆగిపోతే గుండ్రంగా ముడుచుకుని తెల్లకణంలాగే, అంటే రిపోర్టులో చీము కణం అని రాస్తామే అలాగే, కనిపిస్తుంది. "కదిలితేనే దొంగ మామా, కదలకపోతే జనంలో కలిసిపోతది" అన్నాడు మావాడు. ఆ మొదటి రిపోర్టులో చీము కణాలు ఇరవై, ఇరవై అయిదు అని రాసింది గుర్తొచ్చింది. వాటిలో ఎన్ని నిజంగా చీము కణాలో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

ఈ తడి పరీక్ష ఎంత పాతదో తెలిస్తే ఆశ్చర్యమేసింది. 1836లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ డొనే అనే వైద్యుడు స్త్రీల స్రావాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి ఈ జీవిని మొదటిసారి చూసి పేరు పెట్టాడు. ఆయనకు మైక్రోస్కోపంటే పిచ్చి. కొన్నేళ్లకు మైక్రోస్కోపులో కనిపించేవాటిని ఫోటోలు తీసి అట్లాసు కూడా వేశాడు. భివండీలో డాక్టరమ్మ చేసింది దాదాపు ఆయన చేసిన పనే. రంగు వెయ్యనక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు, కరెంటు పోతే కిటికీ వెలుతురు చాలు. ఒక్కటే షరతు, తీసిన వెంటనే చూడాలి. వెంటనే చూసినా ఈ పరీక్ష నూటికి 44 నుంచి 68 కేసులనే పట్టుకుంటుందని అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ సంస్థ తన మార్గదర్శకాల్లో రాసింది. గంట ఆలస్యమైతే అది నూటికి ఇరవైకి పడిపోతుందట.

ఇక మా నాకాలో ఇచ్చిన శాంపిలు దారి చూడండి. నాకాలో వున్నది లాబు కాదు, శాంపిళ్లు తీసుకునే దుకాణం. పది గంటలకు ఇస్తే అక్కడ ఓ పెట్టెలో పెడతారు. పెట్టెలో ఐసు. మధ్యాహ్నానికి మోటారు సైకిలు కుర్రాడు వచ్చి, మరి నాలుగు దుకాణాలవి కూడా ఎత్తుకుని, అంజూర్ ఫాటా మీదుగా కశేళీ వంతెన దాటి ఠాణే చేరాలి. ఆ రోడ్డు మీద కంటైనరు లారీల వెనక ఇరుక్కున్న ప్రతివాడికీ తెలుసు, ఎన్ని గంటలు పడుతుందో ఆ పరమాత్మకే ఎరుక. నెత్తురుకు చలువ మంచిది. అందుకే ఐసు పెట్టారు, వాళ్ల తప్పేం లేదు. ఈ జీవికి మాత్రం చలువే యముడు. ఠాణేలో మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాడు బాధ్యతగానే చూశాడు. కదిలేది ఏదీ కనబడలేదు. కనబడలేదనే రాశాడు. అబద్ధం ఎవరూ రాయలేదు. అబద్ధం చెప్పింది నేనొక్కణ్ణే.

మా వృత్తిలో ఆడిటరు సంతకం పెట్టే ముందు ఒక వాక్యం రాస్తాడు, మాకు చూపిన పుస్తకాల మేరకు అని. ముప్పై ఏళ్లు ఆ వాక్యం కింద నా సంతకాలూ వున్నాయి. చూపని పుస్తకాల్లో ఏముందో ఆడిటరుకు పూచీ లేదని నాకు బాగా తెలుసు. భివండీ మార్కెట్టులో రెండు రకాల పుస్తకాలు పెట్టే సేట్లను ఎంతమందిని చూశానో! ఆ తెలివి ఆస్పత్రి కాగితం దగ్గర ఎక్కడికి పోయిందో తెలియదు. మెషీను అచ్చుకొట్టిన కాగితమంటే మనకు భక్తి ఎక్కువ. పేషెంటు నోటిమాట కన్నా దాన్నే నమ్ముతాం. ఆ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో పేషెంటు మాట కూడా విను అనే రాసివుంది.

ఇంతకన్నా మంచి పరీక్షలు లేవా అంటే వున్నాయి. స్రావాన్ని ఒక పోషక ద్రవంలో వేసి కొన్ని రోజులు పెంచి చూసే పద్ధతి 1957లో లూయీ డైమండ్ తయారుచేసిన ద్రవంతో మెరుగుపడింది. దాంట్లో ఓపిక ఎక్కువ కావాలి. గర్భం వచ్చిందో లేదో చూసే పట్టీలాంటి దానితో పది పదిహేను నిమిషాల్లో తేల్చే పరీక్ష కూడా వుంది. అన్నిటికన్నా నమ్మకమైనది ఆ జీవి జన్యుపదార్థాన్నే వెతికి పట్టుకునేది. అది చచ్చినా, కదలకపోయినా, ఐసులో పెట్టినా దొరికిపోతుంది. తడి పరీక్ష ఒక్కరిని పట్టే చోట ఇది ముగ్గురి నుంచి అయిదుగురి దాకా పట్టుకుంటుంది. అమెరికాలో ఈ జీవి కోసమే చేసిన అలాంటి పరీక్షకు మొదటిసారి ప్రభుత్వ అనుమతి వచ్చింది కూడా 2011లోనే, నేను అన్నీ నిల్ అన్న ఏడాదే. ఇప్పుడు ముంబయిలో పెద్ద లాబులు చేస్తున్నాయి, మరికొన్ని రోగాలతో కలిపి, వేల రూపాయలకు. వెయ్యి బీడీలకు వచ్చే కూలి ఎంతో తెలిసినవాళ్లకు ఆ వేల సంగతి వివరించనక్కర్లేదు.

సర్కారు దవాఖానాల్లో మరో దారి పెట్టారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, నాకో, ఈ రోగాలకు పరీక్ష లేకుండానే లక్షణాలను బట్టి మందిచ్చే పద్ధతి నడుపుతోంది. తెల్లబట్టతో వచ్చిన ఆడమనిషికి ఆకుపచ్చ రంగు పాకెట్టు. అందులో ఈ జీవిని చంపే మందు ఒకటి, ఫంగస్‌ను చంపేది ఒకటి. ఉచితం. శాంపిలు కశేళీ వంతెన దాటే పనిలేదు. పేదవాళ్లకు ఇదే పెద్ద ఉపకారమని నేనంటాను. లోటు లేకపోలేదు. ఈ జీవి వున్న చాలామంది ఆడవాళ్లకు లక్షణాలే వుండవు. వాళ్లు ఆకుపచ్చ పాకెట్టు దాకా ఎందుకు వస్తారు? వచ్చేవాళ్లలో కొందరిది వేరే రోగమైవుంటుంది. అదీగాక, సురక్షా క్లినిక్ అని బోర్డు వున్న గది ముందు నలుగురి ఎదుట బెంచీ మీద కూర్చోవడానికి మావాళ్లు ఎంత జంకుతారో చెప్పలేను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ఒక్క ఏడాదిలో 15 నుంచి 49 ఏళ్లవాళ్లలో 15 కోట్ల 60 లక్షల మందికి ఇది కొత్తగా సోకింది. ఇంతమందికి వచ్చేదాని పేరు నేను నలభై రెండేళ్ల వయసులో, అదీ ఒక రిపోర్టులో, మొదటిసారి చదివాను. చదివి కూడా దాటిపోయాను. గర్భిణికి నెలలు నిండకుండా కాన్పు కావడానికీ, హెచ్.ఐ.వి. తేలికగా అంటుకోవడానికీ ఇది దారి తీస్తుందని తరువాత తెలిసింది.

మన మహారాష్ట్రలోనే దీని మీద చాలా పెద్ద పని జరిగింది. గడ్చిరోలి జిల్లా పేరు మీరు వినే వుంటారు. కాళేశ్వరం నుంచి నది దాటితే సిరోంచ, అక్కడ మన తెలుగే మాట్లాడతారు. ఆ జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ దంపతులు రెండు పల్లెల్లో 650 మంది ఆడవాళ్లను పరీక్ష చేసి 1989 జనవరిలో లాన్సెట్ పత్రికలో రాశారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీరోగం వుంది. సగటున ఒక్కొక్కరికి మూడున్నర పైచిలుకు. అంతకు ముందు ఎప్పుడైనా అలాంటి పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఎనిమిది మందే. అప్పటిదాకా పల్లె ఆడవాళ్ల ఆరోగ్యమంటే కాన్పులూ కుటుంబ నియంత్రణా అనే లెక్క. అడిగితే గాని చెప్పరు, చూస్తే గాని కనబడదు అని ఆ డాక్టర్లు చూపించారు. ఇది నేను చదివేటప్పటికి ఆ వ్యాసం వచ్చి పాతికేళ్లు దాటింది. అది అచ్చైన ఏడాది నేను కాలేజీలో ఖర్చుల పద్దులు నేర్చుకుంటున్నాను.

ఇక రెండో కాగితం సంగతి.

డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. ట్రైకోమొనాస్, సీన్. మందు ఇద్దరికీ. భర్త కూడా మింగాలి, లేకపోతే మళ్లీ వస్తుందని మా శ్రీమతికి మూడుసార్లు చెప్పిందట. మందు పేరు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మెట్రోనిడజోల్. మన ఇళ్లల్లో విరేచనాలకు డాక్టర్లు రాసే అదే మాత్ర. 1960 ప్రాంతంలో ఫ్రాన్సు నుంచి వచ్చిన మందు, మొదట వాడింది కూడా ఈ జీవి మీదనే. కొన్ని రూపాయల మాత్రలు. రెండేళ్లు.

మాత్రలు భర్త చేత మింగించడం ఎలా? "బావా, నాకేం లేదు, నేనెందుకు మింగాలె?" అంటాడు. నిజమే, మగవాళ్లలో చాలామందికి ఏ బాధా తెలియదు. ఇది మనిషి నుంచి మనిషికి వచ్చేది ఆ ఒక్క దారినే. ఆ మాట చెప్పగానే ఆ ఇంట్లో రెండో ప్రశ్న లేస్తుంది. ఎవరి నుంచి? మా చెల్లెలు ఆ ఇల్లు దాటి ఎక్కడికి వెళ్లేది? కార్ఖానాలో బీడీలు ఇచ్చి రావడం, గుడి, నల్లా. అయినా అనుమానం ముందు ఎవరి మీద పడుతుందో మనకందరికీ తెలుసు. రెండేళ్ల కింద నా మాట ఆమెకు వ్యతిరేక సాక్ష్యమైంది. ఈసారి నా మాట ఆమె మెడ మీద కత్తి కాకూడదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముంబయిలో కామాటిపుర అంటే దేశమంతా ఏమనుకుంటుందో తెలుసు. ఆ పేరు ఆ వాడకు వచ్చింది నిజాం ఇలాకా నుంచి వలస వచ్చి ముంబయిలో ఇళ్లూ రోడ్లూ కట్టిన మన తెలుగు కూలీల వల్ల. కామాటీలంటే వాళ్లే. రాళ్లు మోసినవాళ్ల పేరు చివరికి దేనికి మిగిలిందో చూడండి. వలసపోయిన మగవాడు ఒంటరిగా గాలలో, కార్ఖానాలో సాంచెల మధ్యనే పడుకుని, ఆరేళ్లకో ఏడేళ్లకో భార్యను తెచ్చుకునేవాడు. మా నాన్న తరం అట్లాగే వచ్చింది. ఆ మధ్య సంవత్సరాల గురించి మన ఇళ్లల్లో ఎవరూ మాట్లాడరు. నేనూ మా నాన్నను ఎన్నడూ అడగలేదు.

అతన్ని ఆదివారం కాక బుధవారం రాత్రి, పాళీ దిగాక పిలిచాను. మా శ్రీమతి చాయ్ పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ముందు నా తప్పు చెప్పాను. ఆనాడు ఏం లేదని నేనన్నది తప్పు, కాగితం కనబడలేదన్నది, నేను లేదన్నాను, నీ ఇంటామె చెప్పింది నిజం అన్నాను. ఆయన తల వంచుకుని విన్నాడు. తరువాత చీటీ చూపించి విషయం చెప్పాను.

"ఏడికెల్లి వచ్చింది బావా?" అన్నాడు. నేను అనుకున్న ప్రశ్నే.

నేను అప్పటికే ఆ సంగతి డాక్టరమ్మను అడిగించి పెట్టుకున్నాను. ఈ జీవి ఒంట్లో నెలలూ, ఒక్కోసారి ఏళ్లూ ఏ బాధా పెట్టకుండా వుండిపోగలదు. ఇవాళ కనబడిందంటే ఇవాళ వచ్చిందని కాదు. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. "తారీఖు లేని చెక్కు ఇది. నేను బ్యాంకోణ్ణి, తారీఖు లేని చెక్కు మీద మాట్లాడ" అన్నాను.

ఆయన చాయ్ తాగలేదు. చాలాసేపు కూర్చుని లేచాడు. మాత్రలు జేబులో పెట్టుకున్నాడు. గడప దగ్గర ఆగి, "ఆమె రాకముందు నేనొక్కణ్ణే ఎనిమిదేండ్లు ఉన్న బావా, కార్ఖానల" అన్నాడు. నేనేమీ అనలేదు. ఆయనా మరేమీ అనలేదు. అది ఒప్పుకోవడమో, ఊరికే అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తరువాత పదేళ్లలో మేమిద్దరం ఎన్నో పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఆ మాట మళ్లీ రాలేదు.

మాత్రలు ఇద్దరూ మింగారు. మూడు నెలలకు మళ్లీ చూపించుకోమని డాక్టరమ్మ చెబితే వెళ్లారు. ఈసారి కూడా మా చెల్లెలు మైక్రోస్కోపులో చూస్తానని పట్టుపట్టిందట. ఏమీ కొట్టుకోలేదట.

అతనితో అలా మాట్లాడటం సరైనదేనా అని మా శ్రీమతి నన్ను ఒకసారి నిలదీసింది. "ఎవరి నుంచి వచ్చిందో నీకు తెలుసు, నాకు తెలుసు. తారీఖు లేదు, సంతకం లేదు అని నువ్వాయన్ని తప్పించినవ్" అన్నది. తెలియదు, ఊహించగలం అంతే, అన్నాను. "ఆమె గురించి ఊహించేటప్పుడు ఎవళ్లన్నా గింత ఆలోచన చేసిన్రా?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఆ ఇల్లు నిలబడాలి, మాత్ర కడుపులో పడాలి, అంతవరకే నేను లెక్క వేసుకున్నాను. ఆమె పక్షాన నిలబడి గట్టిగా ఒక మాట అనవలసిందేమో.

ఇప్పుడు మా గుమ్మం ముందు చెప్పులు తగ్గిపోయాయి. రిపోర్టులు ఫోనులోకే వస్తున్నాయి, ఇంట్లో ఇంగ్లీషు మీడియం పిల్లలున్నారు. అయినా అప్పుడప్పుడు ఎవరో ఒక కోడలో, కూతురో మా శ్రీమతికి పంపుతుంది. ఆమె ఫోను నా ముందు పెడుతుంది. నేను రోగం పేర్లు చదవను. కుడివైపు పైన రెండు సమయాలు అచ్చువేస్తారు, శాంపిలు తీసుకున్నది ఒకటి, లాబుకు చేరింది ఒకటి. ముందు అవి చూస్తాను.

మొన్నటిదాంట్లో పొద్దున పదీ నలభై అని వుంది. చేరింది నాలుగుంబావు. పేరు పక్కన నాట్ సీన్.

"ఏమని చెప్పాలె?" అన్నది మా శ్రీమతి.

"కనబడలేదని చెప్పు. ఆ పిల్లకు బాధ ఎట్లున్నదో అడుగు. రేపు పొద్దున డాక్టరమ్మ దగ్గరికి నువ్వు తోడు పో" అన్నాను.